గిద్దె నుంచి టీఎంసీ దాకా

కళ్లంలో ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. రెండు, మూడు ఆ తర్వాతే. చుట్టూ మూగిన పిల్లలకు అదే లెక్కల బడి. కుంచాన్ని అంచుకు సమంగా గీసి కొలుస్తున్నాడా, పైన పోగు నిలిపి కొలుస్తున్నాడా అని పెద్దలతో పాటు వాళ్లూ కనిపెట్టి చూసేవారు. కౌలుదారు ఇంటికి చేరే గింజలు ఆ పోగు మీదే ఆధారపడేవి మరి!

నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, 20 తూములు పుట్టి. పుట్టిని గిద్దెల్లోకి మారిస్తే 5,120 రావాలి. చివరి మెట్టు తప్ప అన్నీ రెట్టింపులూ నాలుగింతలే కాబట్టి, సోలతో తవ్వ నింపిన పిల్లకు సగమంటే ఏమిటో వేరే చెప్పాల్సిన పని లేదు. చిక్కల్లా ఒక సీమ కుంచం పక్క సీమ కుంచంతో సరిపోకపోవడమే.

పాత్రతో కొలవలేనిదాన్ని లెక్కగట్టే విద్య కూడా పాతదే. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందిన పావులూరి మల్లన సారసంగ్రహ గణితానికి మూలం, మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన గణితసారసంగ్రహం. అందులో గుంతల లెక్కలకు ఖాతవ్యవహారమని ఒక అధ్యాయమే ఉంది.

ఈ రెండు విద్యలనూ కలిపింది లీటరు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి దశలవారీగా మన అంగళ్లకు వచ్చింది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న పెట్టెలో సరిగ్గా లీటరు నీళ్లు పడతాయి. మూరకూ మానికకూ ఇంత సూటి చుట్టరికం లేదు. అయితే బడిలో ఆ పెట్టె బొమ్మగానే మిగిలిపోతే ఈ మేలంతా వృథా.

జెనీవాలో మనస్తత్వవేత్త జాన్ పియాజే చేసిన పరీక్ష ప్రసిద్ధమే. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదానిలోది కళ్లముందే సన్నని పొడవాటి గ్లాసులోకి వంచితే, ఐదేళ్ల పిల్లలు చాలామంది పొడవాటి దానిలోనే ఎక్కువుందంటారు. సాధారణంగా ఏడెనిమిదేళ్లకు గానీ ఆ భ్రమ తొలగదు. అందుకే చిన్న తరగతుల్లో సూత్రం కంటే ముందు బకెట్టు, చెంబు, సీసా ఇవ్వాలి. ఎన్ని చెంబులు పడతాయో ముందు ఊహించి చెప్పించి, తర్వాత పోయించి చూడాలి.

పెద్ద తరగతులకు నాగార్జునసాగర్ ఉంది. ఘనపుటడుగుకు సుమారు 28.3 లీటర్లు; వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. 312 టీఎంసీల జలాశయంలో ఎన్ని లీటర్లు పడతాయో ఎనిమిదో తరగతి పిల్లలు కాగితం మీదే తేల్చగలరు.