ఆస్పిరిన్: పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల్లో కవాట మార్పిడి

పుట్టుకతో వచ్చిన గుండె లోపం వల్ల కవాటం మార్పించుకున్నవారిలో, కొత్త కవాటంపై రక్తం గడ్డకట్టకుండా వాడే మందులలో ఆస్పిరిన్ ఒకటి. గాయపడిన చోట తొలుత గుమికూడే రక్తకణాలైన ప్లేట్‌లెట్లలోని సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమును ఇది శాశ్వతంగా నిరోధించి, వాటిని ఒకదానికొకటి అతుక్కునేలా చేసే థ్రాంబాక్సేన్ తయారీని అణచివేస్తుంది.

ప్రయోజనం కవాటం రకాన్ని బట్టి మారుతుంది. పంది, పశువుల కణజాలంతో చేసిన కవాటాలను బృహద్ధమని లేదా మిట్రల్ స్థానంలో అమర్చినవారికి, రక్తాన్ని పలుచబరిచే ఇతర మందులు అవసరం లేనప్పుడు, రోజుకు 75–100 మిల్లీగ్రాముల మోతాదు సమంజసమని 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు పేర్కొన్నాయి. యాంత్రిక కవాటాలు అమర్చినవారికి ఆస్పిరిన్ ఒక్కటే చాలదు. వారికి జీవితాంతం వార్ఫరిన్ వంటి విటమిన్ కె నిరోధకం అవసరం కాగా, దానికి ఆస్పిరిన్ తోడైతే రక్తస్రావ ముప్పు పెరుగుతుంది.

నాలుగు లోపాలు కలిసి ఉండే ఫాలో టెట్రాలజీలో తరచు మార్చవలసి వచ్చే పుపుస కవాటం విషయంలో పెద్ద యాదృచ్ఛిక పరీక్షలు అరుదు కనుక, వైద్యులు ప్రధానంగా పరిశీలనాత్మక అధ్యయనాలపై ఆధారపడతారు. పిల్లల్లో ఫ్లూ, ఆటలమ్మ సోకిన వేళ ఆస్పిరిన్ వాడితే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రే సిండ్రోమ్ రావచ్చు కాబట్టి, ఆ జబ్బుల టీకాలు ముఖ్యమవుతాయి.

దుబాయ్‌లో 2016లో ప్రారంభమైన అల్ జలీలా పిల్లల ఆసుపత్రిలోను, తిరుపతిలో 2021లో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలోను ఇటువంటి గుండె లోపాలకు చికిత్స లభిస్తుంది.