బీబీసీ మైక్రోకు కొత్త మానిటర్ కలపడం

బీబీసీ మైక్రో కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో విడుదల చేసిన 8-బిట్ కంప్యూటర్. బ్రిటన్ బడులను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ యంత్రం 1984లో మొదలైన 'క్లాస్' పథకంతో మన దేశపు పాఠశాలల్లోకీ వచ్చింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ ఏకార్న్‌తో ఒప్పందం చేసుకుని విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగించింది. అప్పట్లో దీనికి టీవీనో పిక్చర్ ట్యూబు మానిటర్‌నో తగిలించేవారు. ఇప్పుడు యంత్రం బతికి ఉన్నా, మంచి ట్యూబు దొరకడం, దొరికినా బాగుచేసేవారు దొరకడం కష్టమైంది. అందుకే ఎల్‌సీడీ తెరలకు కలిపే పద్ధతులు వచ్చాయి.

సమస్య ఎక్కడ

చాలామంది ముందు ప్లగ్గు గురించి ఆలోచిస్తారు. అసలు చిక్కు వేగంలో ఉంది. ఈ కంప్యూటర్ పాల్ టీవీ పద్ధతిని అనుసరిస్తుంది. ఒక్కో అడ్డగీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 15,625 గీతలు. తెర సెకనుకు 50 సార్లు పైనుంచి కిందికి నిండుతుంది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ దాదాపు 31.5 కిలోహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది, తర్వాతి పీసీ మానిటర్లలో ఎక్కువ భాగం 30కి దిగువన ఏమొచ్చినా పట్టించుకోవు. వైర్లు సరిగ్గా కలిపినా తెర నల్లగా ఉండటమో, సిగ్నల్ పరిధిలో లేదన్న సందేశం రావడమో ఇందువల్లే. బెన్‌క్యూ బీఎల్702ఏ వంటి కొద్ది మోడళ్లు 15 కిలోహెర్ట్జ్‌ను నేరుగా స్వీకరిస్తాయి. సెకండ్‌హ్యాండ్ మానిటర్ కొనేటప్పుడు మాన్యువల్లో హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ ఎంత నుంచి ఎంత వరకని రాశారో చూసుకోవడం మేలు.

రెండో తేడా వోల్టేజీది. ఆరు పిన్నుల ఆర్‌జీబీ సాకెట్ నుంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్: ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ ఉందా లేదా అన్నంత వరకే. అందుకే మొత్తం ఎనిమిది రంగులు. వీజీఏ, స్కార్ట్ (యూరప్ టీవీల సాకెట్) పరికరాలు 0.7 వోల్టుల అనలాగ్ సిగ్నల్‌ను ఆశిస్తాయి కాబట్టి మధ్యలో రెసిస్టర్లు పెట్టి తగ్గించాలి. గీతలు, తెరలు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్ సంకేతాలు కూడా ఒకే తీగలో కలిసి వస్తాయి; వీజీఏకు అవి రెండుగా విడిపోవాలి.

ఏ సాకెట్, ఏ కన్వర్టర్

యంత్రం వెనుక యూహెచ్ఎఫ్, కాంపోజిట్, ఆర్‌జీబీ అని మూడు వీడియో మార్గాలున్నాయి. మొదటిది పాత టీవీ యాంటెనా సాకెట్ కోసం. వేరే దారి లేకపోతే తప్ప అక్కర్లేదు. బీఎన్‌సీ సాకెట్ నుంచి వచ్చే కాంపోజిట్ సిగ్నల్ ఫ్యాక్టరీ అమరికలో నలుపు తెలుపే. ఇది లోపంలా కనిపించినా వరుసకు 80 అక్షరాల పాఠానికి మేలే చేస్తుంది, రంగు కలిస్తే అక్షరాల అంచులు చెదురుతాయి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక పెట్టెతో ఈ మార్గం వెంటనే పనిచేస్తుంది. యంత్రం బతికి ఉందో లేదో చూడటానికి అది చాలు, రోజూ వాడటానికి చాలదు.

ఆర్‌జీబీని స్కార్ట్ కన్వర్టర్‌కు కలిపేటప్పుడు 16వ పిన్నుకు 1 నుంచి 3 వోల్టులు అందాలి, లేకపోతే కన్వర్టర్ ఆర్‌జీబీని చూడనే చూడదు. కంప్యూటర్ ఆర్‌జీబీ సాకెట్‌లోనే ఉన్న 5 వోల్టులను రెసిస్టర్‌తో తగ్గించి వాడుకోవచ్చు. ఓఎస్ఎస్‌సీ అనే పరికరం ప్రతి గీతనూ రెండుసార్లు గీసి వేగాన్ని 31.25 కిలోహెర్ట్జ్‌కు పెంచుతుంది. మొత్తం ఫ్రేమును దాచుకోదు కనుక ఆలస్యం దాదాపు ఉండదు, కానీ 50 హెర్ట్జ్ అలాగే ఉండిపోతుంది. చాలా పీసీ మానిటర్లు దీన్ని తిప్పికొడతాయి. మన టీవీ ప్రసారాలు కూడా 50 హెర్ట్జ్‌వే కాబట్టి ఇక్కడ అమ్మే టీవీలతో ఆ పేచీ తక్కువ.

వీటన్నిటిలో తెలివైనది ఆర్‌జీబీటుహెచ్‌డీఎంఐ. ఔత్సాహికులు ముందుగా ఈ కంప్యూటర్ కోసమే దీన్ని తయారుచేశారు. ఒక చిన్న లాజిక్ చిప్పు డిజిటల్ రంగులను అలాగే పట్టుకుంటుంది, రాస్ప్‌బెర్రీ పై జీరో వాటిని హెచ్‌డీఎంఐగా పంపుతుంది. మధ్యలో అనలాగ్ మెట్టు లేదు గనుక ప్రతి చుక్కా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. టెలీటెక్స్ట్ అక్షరాలు చూపే మోడ్ 7 మాత్రం కొంత మొండిది. అందులోని ఎస్ఏఏ5050 చిప్పుకు కావలసిన 6 మెగాహెర్ట్జ్‌ను బోర్డు 8 మెగాహెర్ట్జ్ నుంచి మలచి ఇస్తుంది, దాంతో చుక్కల వెడల్పు సమానంగా రాదు. శాంపిల్ తీసే క్షణాన్ని చుక్కచుక్కకూ సరిచేసే క్యాలిబ్రేషన్ ఇందుకోసమే ఉంది.

తెర ఎంపిక

1280×1024 రిజల్యూషన్ ఉన్న పాత 17, 19 అంగుళాల చదరపు మానిటర్ దీనికి భలే కుదురుతుంది. మోడ్ 0లోని 640×256 చుక్కలు అడ్డంగా రెండింతలు, నిలువుగా నాలుగింతలు అయితే తెర సరిగ్గా నిండుతుంది. మోడ్ 7 చిత్రం 480×500, దాన్ని రెండింతలు చేసినా ఇందులో పడుతుంది. వెడల్పాటి కొత్త తెరపైనైతే ఇరువైపులా నల్ల పట్టీలు వదలాలి. సాగదీస్తే వృత్తాలు కోడిగుడ్లవుతాయి.

అమరిక

ఏ కన్వర్టర్ అయినా, ముందుగా పవర్ సప్లైలోని పాత ఫిల్టర్ కెపాసిటర్లు మార్చడం అవసరం. అవి పగిలి పొగ చిమ్మడం ఈ యంత్రాల్లో మామూలే. చిత్రం వణుకుతుంటే ఇంటర్‌లేస్ (గీతలను ఒకటి విడిచి ఒకటి గీసే పద్ధతి) ఆపి చూడాలి. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే టీవీ కమాండ్‌కు 0,1 విలువలిస్తే, తర్వాతి మోడ్ మార్పు నుంచి అది ఆగుతుంది. మొదటి అంకెను 255 చేస్తే చిత్రం ఒక వరుస కిందికి జరుగుతుంది. మోడ్ 7లో మాత్రం ఇంటర్‌లేస్ ఈ కమాండ్‌కు లొంగదు, అక్కడ వణుకు తగ్గించే పని కన్వర్టర్‌దే.