ఫ్యాటీ లివర్, కొలెస్ట్రాల్: రెండు రిపోర్టులూ కలిపి చూడండి

ఇంట్లో నాన్నగారికో అమ్మమ్మకో స్కానింగ్ తీయిస్తే "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని రాసి ఇస్తారు. నొప్పి ఏమీ ఉండదు కనుక ఆ కాగితం బీరువాలోకి పోతుంది. అలా దాచేముందు, కొలెస్ట్రాల్ పరీక్ష రిపోర్టు కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండింటికీ సంబంధం ఏమిటి?
రక్తంలోని కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల రాకపోకలు చూసేది ముఖ్యంగా కాలేయమే. దానిలో కొవ్వు పేరుకుంటే ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ట్రైగ్లిజరైడ్లు 150 దాటినా, హెచ్‌డీఎల్ మగవారికి 40 కంటే, ఆడవారికి 50 కంటే తగ్గినా జాగ్రత్త పడాలి.

ముప్పు ఎక్కడ?
ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఎక్కువ ప్రాణాలు తీసేది గుండెజబ్బే. కాలేయం సంగతికి వస్తే, కొవ్వు కంటే దానిలో పడే మచ్చలు, అంటే ఫైబ్రోసిస్, ప్రమాదం. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ కొవ్వును చెబుతుంది, మచ్చలను కాదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల లెక్కతో వేసే ఫిబ్-4 అంచనా గురించి డాక్టరుగారిని అడగండి.

రెండు పొరపాట్లు
ఒకటి: "లివర్ బాగాలేదు కదా" అని కొలెస్ట్రాల్‌కి ఇచ్చిన స్టాటిన్ మాత్రలు సొంతంగా ఆపేయడం. ఫ్యాటీ లివర్ ఉన్నా స్టాటిన్లు సాధారణంగా వాడవచ్చు. అవి గుండెను కాపాడతాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవారి విషయం డాక్టరే నిర్ణయించాలి.
రెండు: కొలెస్ట్రాల్ తగ్గిందంటే అంతా బాగయిందనుకోవడం. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చినప్పుడు అది కొలెస్ట్రాల్ తయారు చేయలేక కూడా అంకె పడిపోతుంది. మందు, పథ్యం ఏదీ లేకుండా తగ్గితే డాక్టరుకు చెప్పండి.

ఏం చేయాలి?
బరువు ఎక్కువ ఉన్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయం వాపు తగ్గుతుంది. 70 కిలోల మనిషికి అది 5 నుంచి 7 కిలోలు. కూల్‌డ్రింకులు, మిఠాయిలు, మైదా తినుబండారాలు బాగా తగ్గించండి. మద్యం మానండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. సన్నగా ఉన్నవారికీ ఇది రావచ్చు, "నాకు లావు లేదు" అని వదిలేయకండి.

పిల్లలూ, మీ ఇంట్లో ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగేది మీరే అయితే, ఈ అంకెలు పెద్దవాళ్ళకి చదివి వినిపించండి. మందుల మాట మాత్రం డాక్టరుదే.