సామాజిక తనిఖీ (అనంతపురం జిల్లా)

ఉపాధి హామీ పనులు ఎలా జరిగాయో, కూలి ఎవరి చేతికి ఎంత ముట్టిందో కూలీలే ఊరందరి ముందు సరిచూసే పద్ధతిని సామాజిక తనిఖీ అంటారు. ఇది రాయలసీమలో పుట్టింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994లో మొదలుపెట్టిన బహిరంగ విచారణలు దీనికి మూలం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్‌లో, ఈ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది.

2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. వేరుశనగ ఎండిపోతే బెంగళూరుకు వలస పోవడం తప్ప దారిలేని కరువు సీమకు ఆ ఎంపిక తగినదే. అదే ఏడాది జిల్లాలో పాదయాత్రలుగా ఊరూరా తిరిగి పెద్ద ఎత్తున తనిఖీ చేశారు.

తనిఖీ చేసేది ఎక్కువగా కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే. శిక్షణ పొందాక మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళతారు. ‘ఇన్ని రోజులు పని చేశావా అక్కా, డబ్బులొచ్చాయా’ అని అడిగి జాబ్ కార్డుతో పోల్చుతారు. తీసిన కుంటను, వేసిన కట్టను టేపు పట్టి కొలిచి, కొలతల పుస్తకంతో సరిచూస్తారు. వలస పోయినవాళ్ల పేరిట, చనిపోయినవాళ్ల పేరిట హాజరు పడితే బయటపడేది ఇక్కడే. తేలినవాటిని గ్రామసభలో చదివి, తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెడతారు. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు మొదలు అధికారుల దాకా జవాబు చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ బృందాల్లోనూ ఇంచుమించు ఆ కాలంలోనే ఇలాంటి ఆనవాయితీ స్థిరపడింది. రెండు వారాలకో, నెలకో కూర్చుని చేసిన పనిని వెనక్కి చూసుకునే ఆ సమావేశాన్ని ‘రెట్రోస్పెక్టివ్’ అంటారు. దాని మీద నార్మన్ కెర్త్ పుస్తకం 2001లో, ఎస్తేర్ డెర్బీ, డయానా లార్సెన్‌ల పుస్తకం 2006లో వచ్చాయి. అయితే అందరూ చేతనైనంతా చేశారని నమ్మి మొదలుపెట్టమంటాడు కెర్త్. ప్రజావేదికకు ఆ ఉదారత సరిపడదు. పోయింది పేదవాడి కూలి కాబట్టి ఎవరు తిన్నారో పేరు చెప్పాల్సిందే.

2009లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక తనిఖీకి ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. కేంద్రం 2011లో నియమాలు తెచ్చి, ఆరు నెలలకోసారి తనిఖీని తప్పనిసరి చేసింది. ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సెన్ రాష్ట్రంలోని తనిఖీ నివేదికలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. పదేపదే తనిఖీలు జరిగినా అక్రమాలు పెద్దగా తగ్గలేదనీ, పట్టుకోవడం కష్టమైన సామగ్రి లెక్కల వైపు మళ్లాయనీ అందులో తేలింది. తప్పును బయటపెట్టడం వరకే తనిఖీ బృందం పని. శిక్ష, వసూలు పథకాన్ని నడిపే శాఖ చేతిలోనే ఉండిపోయాయి.