కరిగినవి పోగా మిగిలిన డాలర్లు

1859లో నేటి నెవాడా కొండల్లో బంగారం కోసం తవ్వుతున్నవాళ్లకు ఒక జిగురు మట్టి పెద్ద అడ్డంకి అయింది. నీలం, నలుపు కలిసిన ఆ మట్టి వల్ల బంగారు రేణువులను కడిగి తీయడం కష్టమయ్యేది. విసుగెత్తి దాన్ని పక్కన పారబోసేవారు. పరీక్ష చేయిస్తే అది మేలైన వెండి ఖనిజమని తేలింది. ఆ వెండి నిక్షేపానికి కామ్‌స్టాక్ లోడ్ అని పేరు పడింది. దాని మీదే వర్జీనియా సిటీ వెలిసింది.

తవ్విన వెండిని సియెరా నెవాడా పర్వతాలు దాటించి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలకు చేర్చాలంటే ఖర్చు విపరీతంగా అయ్యేది. అందుకే గనులకు దగ్గర్లోని కార్సన్ సిటీలో టంకశాల పెట్టడానికి అమెరికా కాంగ్రెస్ 1863లో అనుమతిచ్చింది. అక్కడ 1870 ఫిబ్రవరిలో తొలి డాలర్ అచ్చయింది. బొరుసు వైపు ‘సీసీ’ అని రెండు చిన్న అక్షరాలు వేశారు. అమెరికా పడమటి నాణేలను ఇష్టపడేవాళ్లు నేటికీ ముందుగా వెతికేది ఆ అక్షరాలనే.

అయితే 1873 నాటి చట్టం వెండి డాలర్ ముద్రణను ఆపేసింది. గనుల నుంచి వెండి వెల్లువలా వస్తుంటే ధర పడిపోయింది. గనుల యజమానులు, అప్పుల్లో ఉన్న రైతులు ఆందోళనకు దిగారు. చివరికి 1878లో, అధ్యక్షుడు హేస్ తిరస్కరించినా, కాంగ్రెస్ బ్లాండ్-అలిసన్ చట్టాన్ని నెగ్గించింది. దాని ప్రకారం ఖజానా నెలనెలా 20 నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టించాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన చెక్కడపు కళాకారుడు జార్జ్ మోర్గాన్ కొత్త డాలర్‌కు రూపమిచ్చాడు. బొమ్మ వైపున్న స్వేచ్ఛామూర్తి ముఖానికి ఫిలడెల్ఫియా యువతి అన్నా విలియమ్స్ నమూనాగా నిలిచింది. ఈ నాణెం బరువు 26.73 గ్రాములు. అందులో నూటికి 90 పాళ్లు వెండి.

జనం అడిగినందుకు కొట్టిన నాణేలు కావివి. పడమట అవి చేతులు మారాయి కానీ, తూర్పు రాష్ట్రాలవాళ్లు బరువైన నాణెం కన్నా కాగితం నోటునే ఇష్టపడ్డారు. దాంతో కోట్లాది డాలర్లు వెయ్యేసి చొప్పున సంచుల్లోకి ఎక్కి, ఖజానా గదుల్లో పేరుకుపోయాయి. సేకర్తలు కూడా వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఏ ఏడాది నాణెమో చూసేవారే తప్ప, ఏ టంకశాలదో చూసేవారు తక్కువ. అగస్టస్ హీటన్ 1893లో టంకశాల గుర్తుల మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి ఆ లోటు ఎత్తిచూపాడు. ఒకే ఏడాదివైనా కార్సన్ సిటీ నాణెం వేరు, ఫిలడెల్ఫియా నాణెం వేరు అన్న చూపు అక్కణ్నుంచి బలపడింది. సరిగ్గా ఆ ఏడాదితోనే కార్సన్ సిటీలో నాణేల ముద్రణ ఆగిపోయింది.

ఇక్కడ కథ మన దేశంలోకి మళ్లుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు ఖర్చులతో భారతదేశంలో వెండి రూపాయలకు గిరాకీ విపరీతంగా పెరిగింది. నోట్లు తెచ్చి రూపాయలిమ్మని జనం అడుగుతుంటే, 1918 నాటికి ప్రభుత్వం దగ్గర వెండి నిల్వ ప్రమాదకరంగా తరిగిపోయింది. బ్రిటన్ అమెరికాను ఆశ్రయించింది. ఆ ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం వచ్చింది. దానికి పేరిచ్చిన సెనేటర్ కీ పిట్‌మన్ నెవాడా ప్రతినిధే. చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు. అందులో సుమారు 25.9 కోట్ల డాలర్ల వెండి భారత్ కోసం బ్రిటన్‌కు అమ్ముడైంది. ఒక్కో డాలర్‌లోని వెండితో రెండు రూపాయలకు పైగా కొట్టవచ్చు. మన తాతముత్తాతలు దాచుకున్న ఐదో జార్జి రూపాయల్లో కొన్నింటిలోనైనా ఆ కొండల వెండి ఉండే ఉంటుంది.

ఏ ఏడాదివి, ఏ టంకశాలవి ఎన్ని కరిగిపోయాయో ఎవరూ లెక్క రాయలేదు. నా దృష్టిలో నేటి సేకరణ పుట్టింది ఆ రాయని లెక్కలోంచే. న్యూ ఆర్లీన్స్ టంకశాలలో 1903లో 44 లక్షలకు పైగా డాలర్లు కొట్టారు. అవి దాదాపు అన్నీ కరిగిపోయాయని నమ్మి, ఒక్కోదానికి వెయ్యి డాలర్లకు పైగా విలువ కట్టారు. 1962 చివర్లో ఖజానా నుంచి వాటి సంచులు బయటికొచ్చాయి. ధర ఒక్కసారిగా కుప్పకూలింది. ఆ వార్తతో జనం ఖజానా ముందు బారులు తీరి, నోట్లిచ్చి డాలర్లు పట్టుకుపోయారు. 1964 మార్చిలో ప్రభుత్వం తలుపులు మూసేటప్పటికి మిగిలినవి 30 లక్షలకు అటూ ఇటూ. వాటిలో ఎక్కువ భాగం కార్సన్ సిటీవి!

1972 నుంచి ప్రభుత్వమే వాటిని ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి, తపాలా ద్వారా వేలం వేసింది. అప్పుడు నిజమైన లెక్క తేలింది. 1885లో కార్సన్ సిటీలో కొట్టినవి 2,28,000. వాటిలో 1,48,000కు పైగా ఆ నిల్వలోనే ఉన్నాయి. 1889లో అంతకన్నా ఎక్కువగా 3,50,000 కొట్టారు. నిల్వలో దొరికింది ఒకే ఒక్కటి! అందుకే తక్కువగా కొట్టిన 1885 నాణెం కన్నా, ఎక్కువగా కొట్టిన 1889 నాణెమే ఇవాళ అరుదు. ఆ ప్రభుత్వ పెట్టె చెక్కుచెదరకుండా ఉంటే సేకర్తలు దానికీ విలువ కడతారు, నాణెం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే కనుక.

పాత నాణెం చేతికొస్తే మనం మొదట ఎన్ని కొట్టారని అడుగుతాం. టంకశాల లెక్కలు దానికి జవాబిస్తాయి. కానీ అసలు విలువ తేల్చే ప్రశ్న ఎన్ని మిగిలాయన్నది. దానికి జవాబు చట్టాల్లో, యుద్ధాల్లో, కొలిముల్లో, ఖజానా గదుల్లో వెతకాలి. నెవాడా డాలరైనా, మన వెండి రూపాయైనా, ఈ చరిత్ర తెలిసి దాచుకున్నవాడే నిజమైన సేకర్త.