ఊరి రైలును నిలిపిన పొరుగూరివారు

1950వ సంవత్సరము జూలై నెలలో వేల్సు దేశపు పడమటి తీరమున సర్ హేడన్ జోన్సు అను వృద్ధుడు కన్ను మూసినాడు. 1910 మొదలు 1945 వరకు బ్రిటిషు పార్లమెంటులో సభ్యుడుగా ఉండిన వ్యక్తి. అయినను మనము ఆయనను తలచుకొనుటకు కారణము రాజకీయము కాదు. ఒక చిన్న రైలుబండి. తాను బ్రతికియున్నంత కాలము దానిని నడిపింతునని ఆయన మాట ఇచ్చినాడు; నిలుపుకొన్నాడు. ఆయన పోవుటతో ఆ మాటకును గడువు తీరినది.

తాలిలిన్ రైల్వే అను ఈ దారి 1865లో ఏర్పడినది. కొండమీది బ్రిన్ ఎగ్లూయిస్ గనులలోని పలకరాతిని, అనగా ఆ దేశమున ఇంటికప్పులకు పరచెడి రాతిని, సముద్రతీరమందలి టవిన్ పట్టణమునకు దింపుట దాని ముఖ్యమైన పని. పట్టాల నడుమ వెడల్పు రెండడుగుల మూడంగుళములు. మన నౌపడా–గుణుపూరు దారి పెద్ద పట్టాలకు మారకముందు రెండున్నర అడుగుల వెడల్పున ఉండెడిది. ఆ బండి ఎక్కిన పెద్దలు దానికంటెను మూడంగుళములు ఇరుకైన దారిని ఊహించుకొనవచ్చును.

1866లో ప్రభుత్వ తనిఖీ అధికారియైన కెప్టెన్ టైలర్ వచ్చి చూడగా, వంతెనల కమానులకును బండికిని నడుమ చోటు చాలలేదు. కమానులను పడగొట్టి మరల కట్టుట ఖర్చుతో కూడిన పని. అందుచేత పెట్టెలకు ఒక ప్రక్క తలుపులను శాశ్వతముగా బిగించివేసి, కమానుల క్రింద పట్టాలను కొంచెము ఒక వైపునకు జరిపినారు. నేటికిని ఆ బండిలో ఒక ప్రక్కనుండియే ఎక్కవలెను, దిగవలెను.

గనిని, రైలును హేడన్ జోన్సు 1911లో కొన్నాడు. లాభము రాలేదు. 1946 డిసెంబరులో గని కూలి మూతపడినది. 1948లో బ్రిటిషు రైల్వేలు జాతీయమైనపుడు ఈ చిన్నదారి ఆ లెక్కలోనికి రాలేదు. వచ్చియున్నచో అప్పుడే మూసివేసియుండెడివారని మా అభిప్రాయము. మరువబడుటయే దానికి ఆయువైనది. ఉన్న రెండు ఇంజనులలో 'తాలిలిన్' మూలబడగా, 1866 నాటి 'డోల్‌గోఖ్' ఒక్కటియే అరిగిన పట్టాలమీద, కుళ్ళిన స్లీపరు చెక్కలమీద, మోకాటి యెత్తు గడ్డిలో వేసవి యాత్రికులను మోయుచుండెను.

ఈ స్థితిలో ముందుకు వచ్చినవాడు ఎల్. టి. సి. రోల్ట్. ఇంజనీరు పని నేర్చి రచయితయైనవాడు. మూలబడిన కాలువల పక్షమున అప్పటికే పోరాడినవాడు. 1950 అక్టోబరు 11వ తేదీన బర్మింగుహాము నగరపు హోటలులో ఆయన, మిత్రులు కూడి సభ జరిపినారు. సంఘము ఏర్పడినది. హేడన్ జోన్సు భార్య తమ వాటాలను సంఘము చేతికి అప్పగించుటకు ఒప్పుకొన్నది. ఔత్సాహికులు పూనుకొని ప్రజల రైలును నడుపుట లోకమున ఇదియే మొదలని ప్రసిద్ధి. జీతము లేనివాడు వేళకు వచ్చునా? ప్రయాణికుల ప్రాణములను సెలవు దినపు సరదాకు అప్పగింపవచ్చునా? ఇట్టి సందేహములు న్యాయమైనవే. 1951 మే 14వ తేదీన సంఘము తన మొదటి బండిని కదిలించినది. అదియు మొత్తము దారి కాదు, రెండు మూడు మైళ్ళు మాత్రమే.

అసలు పరీక్ష ఇంజనుల విషయమున వచ్చినది. సమీపమున 1948లో మూతపడిన కోరిస్ రైల్వే పట్టాల వెడల్పును ఇదియే. దాని రెండు ఇంజనులను సంఘమువారు కొని తెచ్చినారు. తెచ్చిన వానిలో 'సర్ హేడన్' అని పేరు పెట్టిన ఇంజను మాటిమాటికి పట్టాలు తప్పి దిగిపోవుచుండెను. కొలిచి చూడగా తెలిసినదేమనగా, తాలిలిన్ పట్టాలు చెప్పుకొను వెడల్పుకంటె సుమారు అర అంగుళము ఎడముగా ఉన్నవి. అది పనివారి అశ్రద్ధ కాదు. చక్రముల నడుమ దూరము ఎక్కువైన 'తాలిలిన్' ఇంజను మలుపులు తిరుగుటకై పాత కంపెనీవారే అట్లు వేయించినారు. పాత ఇంజనుల చక్రపు అంచులు వెడల్పైనవి గనుక అవి నిలిచినవి, కొత్తది నిలువలేదు. రైలును ఉన్నదున్నట్లు కాపాడవలెనని వచ్చినవారు దానిని నడుపవలెనన్నచో మార్చక తప్పలేదు. చెక్క చెక్కగా, పట్టా పట్టాగా దారి మారినది. 'తాలిలిన్' ఇంజనును దాదాపు క్రొత్తగా కట్టించి 1958లో తిరిగి పనిలో పెట్టినారు. అది పాతదియేనా అని అడిగెడివారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉందురు.

పారపట్టినవారిలో పలువురు దూరపు పట్టణములవారు. వారమంతయు తమ ఉద్యోగములు చేసికొని, సెలవులలో తమ డబ్బుతో వచ్చినవారు. అట్టివారితో మాత్రమే రైలు సాగదు. సెలవు తీరగానే మనిషి వెళ్ళిపోవును, బండి మరునాడు కూడ కదలవలెను. కనుక కొందరు జీతగాండ్రును, పెక్కుమంది స్వచ్ఛంద సేవకులును కలిసి పనిచేయు పద్ధతి ఏర్పడినది. రోల్ట్ 1951, 1952 సంవత్సరములలో మేనేజరుగా నిలిచి ఆ కష్టమును 1953లో గ్రంథముగా వ్రాసినాడు. గార్డుగా వచ్చిన సేవకులలో ఆడ్రీ అను మతాచార్యుడొకడు. పిల్లలకు 'థామస్' ఇంజను కథలు చెప్పిన ఆయనే. ఒకనాడు ఫలహారముల ఆమెను స్టేషనులోనే విడిచి పచ్చజెండా ఊపినాడట! ఆ సంగతి కూడ కథయైనది. 1957లో బి.బి.సి. వారు ఈ రైలునుండి టెలివిజనులో ప్రత్యక్ష ప్రసారము చేయగా ఆ వేసవి జనము విరగబడి వచ్చినారు. మా వృత్తివారి పని ఒక రైలుకు బొగ్గైనదని మాకు కొంచెము గర్వము.

ఒకప్పుడు పలకరాతి బండ్లు మాత్రమే తిరిగిన పై ముక్కను బాగుచేసి నాంట్ గ్వెర్నోల్ వరకు ప్రయాణికుల దారిని 1976లో పొడిగించినారు. రోల్ట్ అంతకు రెండేండ్ల ముందే మరణించినాడు. 2021లో యునెస్కో వాయవ్య వేల్సు పలకరాతి సీమను ప్రపంచ వారసత్వముగా గుర్తించినపుడు ఈ రైలు కూడ అందులో చేరినది. గౌరవము వచ్చినది, బొగ్గు మాత్రము కరవైనది. వేల్సులో ఆవిరి ఇంజనులకు బొగ్గునిచ్చుచుండిన ఫోస్-ఎ-ఫ్రాన్ గని 2023లో మూతపడినది. బొగ్గుగనుల దేశపు చిన్న ఇంజనులు ఇపుడు పరదేశపు బొగ్గుకై ఎదురుచూడవలసి వచ్చినది.