చేతికందిన హనుమంతుడు

మొన్నొక ఆదివారం శంషాబాద్ దగ్గర నర్కుడలో ఉన్న అమ్మపల్లి రామాలయానికి వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. సినిమా షూటింగులకి పేరుపడ్డ గుడి అది. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కి వచ్చిన దగ్గర్నుంచీ అటువైపు ఆకాశంలో సందడే సందడి.

దర్శనమయ్యాక మెట్లమీద కూర్చుంటే మా అమ్మాయి నోటుపుస్తకం తీసింది. మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది లెండి. "వీడియో గేముల్లో కథ" అని ఏదో రాయాలిట!

"ఆటలో కథేమిటే, విడ్డూరం కాకపోతే!" అన్నాను. నవలలు రాసేదాన్ని, ఆమాత్రం ఉక్రోషం ఉండదూ?

అది నాకు పాఠం మొదలుపెట్టింది. నవలయితే కథనిబట్టి సాంఘికమనో, అపరాధ పరిశోధన అనో అంటాం. ఆటలకి అలా కాదుట. చేతికి ఏం పని పెడుతుందో దాన్నిబట్టి కోవ. 1978లో జపాన్ వాళ్ళు చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో కాల్చడమే పని. 1984లో రష్యాలో పుట్టిన టెట్రిస్‌లో పైనించి పడే ముక్కల్ని పేర్చడం. అందులో కథే లేదు. 1981 నాటి డాంకీకాంగ్‌లో గొరిల్లా ఒకమ్మాయిని ఎత్తుకుపోతుంది. మీసాల వడ్రంగి దూకుతూ ఎక్కుతూ వెళ్ళి విడిపించాలి.

"ఇదేదో మన సీతాపహరణంలా ఉందే!" అన్నాను.

"మన రామాయణమూ ఆట అయిందమ్మా" అంది. 2009లో హైదరాబాద్‌లోనే ఆరోనా టెక్నాలజీస్ వాళ్ళు ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేశారట. ఆ ఏడే అమెరికాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. దేవుణ్ణి కొలవాలిగానీ మీటలు నొక్కి ఆడించకూడదని ఆయన వాదన.

నాకూ మనసు చివుక్కుమంది. అంతలోనే తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. అక్కడా హనుమంతుణ్ణి ఆడించేది మనిషి చెయ్యే కదా? కానీ తేడా ఉంది. తెరవెనక మనిషికి కథ తెలుసు. బొమ్మ లంకకి చేరి తీరుతుంది. ఆటలోనో, చెయ్యి తప్పితే వీరుడు పడిపోతాడు!

సుందరకాండ తలుచుకోండి. మైనాకుడు ఆతిథ్యమిస్తానని ఆపుతాడు, సురసని తెలివితో దాటాలి, నీడపట్టి లాగే సింహికని చంపాలి. మూడు అడ్డంకులు, మూడు తీర్లు. ఆటవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? అయినా పారాయణ చేసేవాళ్ళెవరూ స్వామి సముద్రంలో పడతాడేమోనని భయపడరు.

"మరి ఆడేవాళ్ళే హనుమంతుడైపోతారుటే?" అన్నాను.

"కాదేమోనమ్మా. నువ్వు దూకగలవని చెప్పిన జాంబవంతుడవుతారేమో!" అంది.

ఏమనను చెప్పండి? నేను రాసిన నవలలో నాయిక గెలుపు ముందే నా గుప్పిట్లో ఉంటుంది. పాఠకురాలు కన్నీళ్ళు పెట్టుకోగలదేగానీ చెయ్యందించలేదు.

ఆ రాత్రి దాని ఫోనులో ఏదో దూకుడాట ఆడాను. ఏడుసార్లు బొమ్మ గోతిలో పడింది. ఎనిమిదోసారి, "లే నాయనా, దూకగలవు" అన్నది నేనే!